ముక్కుసూటి మనిషి

థండర్ బే ఊళ్లో మా టౌనో అంత
ముక్కుసూటి మనిషి లేడంటారు.
ముక్కు మాత్రం ఎడమవైపు తిరిగి ఉంటుంది.

ఇరవై రెండేళ్లప్పుడు, మంచు హాకీలో,
గోలు ముందు ముసుగు లేకుండా నిలబడి
ముఖంతో ఆపిన పక్కు అది.
ముసుగు పిరికివాళ్లకట.
ఊడిన పన్ను దొరికింది గాని
ముక్కులోని గోడ మళ్లీ నిటారుగా నిలబడలేదు.
"గోలు పడలేదు కదా, ఐలా" అంటాడు ఇప్పటికీ.

నలభై ఒక్క ఏళ్లు ఆ ముక్కు పక్కనే పడుకున్నాను.
గురక నన్నెప్పుడూ లేపలేదు,
గురక ఆగితేనే మెలకువ వచ్చేది.
మెరుపు చూసి ఉరుము కోసం లెక్కపెట్టే పిల్లలా
చీకట్లో పదకొండు, పన్నెండు, పదమూడు...
ఇరవై ఆరు దగ్గర ఒకసారి
మోచేత్తో పొడిచేశాను.
ఎగిరిపడి, గుక్క లాగి,
"ఏంటి, పొయ్యి ఆపలేదా?" అన్నాడు.

గంటకి నలభై మూడుసార్లు ఊపిరి ఆగుతోందని
నిద్ర పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది.
టౌనో తలూపాడు,
ఎవరి స్కోరో విన్నట్టు.

బూట్ల పెట్టెంత యంత్రం ఇంటికొచ్చింది.
రాత్రంతా ఊదుతుంది పాపం,
లోపలికి రానిచ్చేవాళ్లేరీ?
ఎడమ పుటం ఎప్పుడో మూతబడింది,
కుడిది జనవరి చలికి బిగుసుకుంది.
ముక్కు మూస్తే నోరు తెరుచుకుంటుంది కదా,
వచ్చిన గాలంతా పెదాల సందున బుస్సుమని పోతుంటే
కుక్క వెళ్లి వంటింట్లో పడుకుంది.
పొద్దున్నే ఆయన నాలుక
మాట కూడా పలకనంత ఎండిపోయి ఉండేది.

ఉప్పునీళ్లతో కడిగాం. మందు చిమ్మాం.
గడ్డం కింద పట్టీ కట్టాం,
అద్దంలో చూసుకుని తీసి పారేశాడు.
గాలికి తడి కావాలని నీళ్లు పోస్తే
చల్లటి గదిలో ఆ ఆవిరి గొట్టంలోనే నీరై
రెండింటికి గుడగుడలాడి
ముక్కు మీదే చుక్కలు రాలాయి.

అందుకని ఊలు తీశాను.
ఆరడుగుల మేజోడు, మడమ లేదు, వేళ్లు లేవు.
అల్లికల గుంపులో సిర్కా అడిగింది
ఎవరి కాలికని.
పాముకి, అన్నాను.

శనివారం సౌనాలో మాత్రం,
ఆ వేడి రాళ్ల ఆవిరికి,
రెండు పుటాలూ తెరుచుకుంటాయి.
తువ్వాలు చుట్టుకుని మంచులోంచి పరిగెత్తుకొచ్చి
మాస్కు తగిలించుకుంటాడు,
కదిలే బస్సెక్కేవాడిలా.
మిగతా ఆరు రాత్రులకి ఆవిరెక్కడ?

కోసి గోడ సరిచేస్తామన్నాడు డాక్టరు.
"మరి ఆ పక్కు ఆపానని రుజువేముంటుంది?"
డాక్టరు నావైపు చూశాడు.
నేను కిటికీలోంచి పార్కింగు చూశాను.

చివరికి ముక్కునీ నోటినీ కలిపి మూసే
పెద్ద మాస్కు తెచ్చారు.
చాలాసేపు చేతుల్లో తిప్పి తిప్పి చూశాడు.
"మొత్తానికి పెట్టించారు," అని
దవడ దగ్గర పట్టీ బిగించుకున్నాడు.

ఆ రాత్రి ఊపిరి ఒక్కసారీ ఆగలేదు.
నాకు నిద్ర రాలేదు.
ఆగని ఊపిరిని లెక్కపెట్టడమెలాగో
నాకు తెలియదు.
వారమంతా అలాగే,
కళ్లు తెరుచుకుని వింటూ.

మార్చిలో మంచువాన పడి
తీగలు తెగి కరెంటు పోయింది.
యంత్రం ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.
నా వేళ్లు దుప్పటి కింద
వాటంతటవే మొదలుపెట్టాయి: ఒకటి, రెండు...
ఆయన లేచి కూర్చున్నాడు.
"నువ్వు పడుకో.
ఈ రాత్రికి నేను పడుకోనులే."
కుర్చీ కిటికీ దగ్గరకి ఈడ్చిన చప్పుడు,
కుక్క లేచి ఆయన దగ్గరకి నడిచిన చప్పుడు,
అంతవరకే గుర్తుంది నాకు.

తెల్లారాక చూస్తే
కుర్చీలోనే, మెలకువగానే ఉన్నాడు,
గొట్టానికి అల్లిన మేజోడు
మెడకి రెండు చుట్లు చుట్టుకుని.